నీలం వేళ్లు

గోదావరిఖనిలో మా కార్మికుల కాలనీ వెనకాల ఒక చెరువుంది. దాని నీళ్లు పాడవకుండా కాపాడే పనులకు గ్రాంటు ఇమ్మని మా మహిళా సంఘం ఒక సంస్థకు దరఖాస్తు పెట్టింది. చెరువును చూడటానికి వాళ్ల మేడం నిరుడు సరిగ్గా సద్దుల బతుకమ్మ నాడే వచ్చారు.

సంఘం లీడర్‌ను కదా, గట్టు మీద నిలబడి గొప్పగా చెప్పాను.

"మోరీ నీళ్లే రానిస్తలేం మేడం. ఇగ రసాయనాలా? చుక్క పడనియ్యం."

ఆ మాట అంటూనే వంగి నా బతుకమ్మను నీళ్లలో వదిలాను. పొద్దున గునుగు పూలకు నేనే అద్దిన నీలం రంగు కరిగి, చీర ఆరేసినట్టు చెరువు మీద పరుచుకుంది. చుట్టూ ఆడవాళ్ల పాట ఆగిపోయింది. మేడం చూపు నీళ్ల మీంచి నా నీలం వేళ్ల మీదికి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

వెనక నుంచి మా అత్త కేకేసింది.

"ఆగుండ్రి! రంగు పూలు తీసి గట్టు మీద పెట్టుండ్రి. తంగేడు, బంతి సాలు."

ఇంకా నీళ్లలో వదలని తమ బతుకమ్మల్లోంచి అందరూ అక్కడే కూర్చుని రంగు గునుగు ఏరేశారు. మేడం కూడా కూర్చున్నారు.

గ్రాంటు వచ్చింది. ఈసారి తెల్ల గునుగుతోనే బతుకమ్మ పేరుస్తుంటే అత్త నవ్వింది.

"ఇన్నేండ్ల సంది నేను రంగులొద్దంటే ఇన్నవా? మేడం ముంగట ఇజ్జత్ పోయినంకనే ఇంటివి!"