వానలో ఆగిన రేస్

అమెరికాలోని బెంటన్‌విల్‌లో మా ఆఫీసు టీమ్‌ది ఒక వింత ఆనవాయితీ. సోమవారం మీటింగ్‌లో పని మాట ఎత్తకముందు, వంతులవారీగా ఒకరు ఆదివారం జరిగిన కార్ల రేస్ కథ చెప్పాలి. వచ్చేవారం ఎవరు గెలుస్తారో కూడా చెప్పాలి. మా మేనేజర్‌కి ఆ రేస్‌లంటే ప్రాణం. నాకేమో, గంటల తరబడి గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే రావడానికి అంత హడావుడి ఎందుకో అర్థమయ్యేది కాదు.

నేను వేరే కంపెనీ తరఫున అక్కడ పనిచేస్తున్నాను. నా వంతు వచ్చిన వారమే మేనేజర్ నా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తేలాలి. పొడిగించకపోతే ఉద్యోగం పోతుంది, దాని వెనకే వీసా. అందుకని ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. కాసేపటికే వాన. రేస్ ఆపేసి కార్లకి కవర్లు కప్పేశారు. ఈలోగా ఇడ్లీ పిండి రుబ్బుకుందామని వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఎండ కాస్తోంది, కార్లు దూసుకుపోతున్నాయి. హమ్మయ్య అనుకుని ఎవరు గోడకి గుద్దుకున్నారో, ఎవరి టైరు పేలిందో అన్నీ రాసుకున్నాను.

మర్నాడు ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆఖరి మలుపులో నీలం కారు ఎలా ముందుకొచ్చిందో చేతులు తిప్పి మరీ చూపించాను. వచ్చే ఆదివారం కూడా గెలుపు దానిదేనని తేల్చేశాను. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

పక్క సీటాయన గొంతు సవరించుకుని, “నిన్న వాన తగ్గనేలేదు. మిగతా రేస్ ఇవాళ మధ్యాహ్నం. నువ్వు చూసింది పోయినేడాదిది. ఖాళీగా ఉంచలేక టీవీ వాళ్లు వేశారు,” అన్నాడు మెల్లగా.

నా మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. మేనేజర్ తల వంచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. చివరికి కళ్లు తుడుచుకుంటూ, “ఆ రేస్ నేను స్వయంగా వెళ్లి చూశాను. నాకు కూడా ఇంత బాగా గుర్తులేదు,” అన్నాడు.

మీటింగ్ అయ్యాక ఆయన దగ్గరికెళ్లి సారీ చెప్పాను. భయంకొద్దీ నోరు జారి కాంట్రాక్టు మాట కూడా ఎత్తేశాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు.

“శుక్రవారమే సంతకం పెట్టేశానే. మీ కంపెనీ వాళ్లు చెప్పలేదా?”

చెప్పలేదు, మహానుభావులు! పార్కింగ్‌లోకి వెళ్లి, కార్‌లో కూర్చుని, తలుపేసుకుని ఏడ్చేశాను. గుండెల మీంచి బండ దిగినట్టయింది. మా ఆయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

“అమ్మయ్య! ఇక నీకు ఆ రేస్‌లు చూసే బాధ తప్పింది,” అన్నారాయన.

“ఉండండి, మధ్యాహ్నం రికార్డింగ్ పెట్టండి. వాన పడేసరికి మన నీలం కారు పద్నాలుగో ప్లేస్‌లో ఉందట,” అన్నాను.