కంకర తేలేదాకా

మంచు పడాలని ప్రార్థన చేసిన మాట నిజమే. ఆ సంగతి డైరీలో కూడా రాసుకున్నాను కాబట్టి ఇప్పుడు కాదనడానికి లేదు.

ఎనభైల మొదటి సంవత్సరాలు. అమెరికాలో ఎరీ సరస్సుకి దగ్గర్లో ఉన్న ఊళ్లో పిన్ని, బాబాయిల ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. ఇరవై ఏళ్లు నిండినా నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. అలాంటి నాకు పిన్ని ఒక పని అప్పగించింది. శనివారం మా ఇంట్లో జరిగే తెలుగు క్రిస్మస్ కూడికలో అందరి ముందూ నిలబడి బైబిలు వాక్యం చదవాలి. పుస్తకాలు చదవడమంటే నాకు ప్రాణమే. కానీ అది లోపల్లోపల చదువుకోవడం. పైకి చదవడం వేరు. అందుకే గురువారం మోకాళ్ల మీద కూర్చుని, కొంచెం మంచు, ఎవరూ రాలేనంత మాత్రమే, పంపమని అడిగాను.

శనివారం తెల్లారి కర్టెన్ తీస్తే బాబాయి కారు కనిపించలేదు. కారు ఉన్నచోట తెల్లటి దిబ్బ ఒకటి ఉంది.

వంటింట్లోకి వెళ్లేసరికి పిన్ని బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా పెద్ద రేకు డబ్బా నిండా గులాబి పువ్వులు. గుంటూరు నుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న ఇనప అచ్చుతో రెండు రోజులు కష్టపడి నూనెలో వేసినవి. కిందటేడూ ఇలాగే వేసింది. ఆ ఏడు కూడా మంచు పడి ఒక్కరూ రాలేదు. ముగ్గురం కూర్చుని జనవరి నెలంతా ఆ గులాబి పువ్వులే తిన్నాం. ఈ దేశంలో తన ఇంట్లో పదిమంది తెలుగువాళ్లు కూర్చుని పాడితే వినాలని పిన్నికి ఏడేళ్లుగా కోరిక.

"ఈసారీ మనమే తిందాంలే," అంది, డబ్బా మూత పెడుతూ. కోపంగా అని ఉంటే బాగుండేది.

నేను అడిగింది కొంచెం మంచు.

"ఎందుకు రారు? రోడ్డు మీద మంచు మునిసిపాలిటీవాళ్లు తెల్లవారుజామునే తీసేశారు. గుమ్మం నుంచి రోడ్డుదాకా మన డ్రైవ్‌వే ఒక్కటేగా? గంటలో క్లియర్ చేస్తా చూడు," అన్నాడు బాబాయి. బూటు తొడుక్కోవడానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఏమైందండీ?"

"ఏం కాలా. నడుం పట్టేసింది. అంతే."

ఇద్దరం కలిసి ఆయన్ని అలా వంపుగానే ముందుగదిలోకి తీసుకెళ్లి కిటికీ పక్కన సోఫాలో చేర్చాం. పిన్ని వేడినీళ్ల సంచీ పెట్టింది. బయట షెడ్డులో బాబాయిగారి నారింజరంగు చిన్న ట్రాక్టరు ఉంది. ముందువైపు రెండు చేతుల్లాంటి ఇనప కమ్మీలు, వాటి చివర మంచు తోయడానికి, ఎత్తిపోయడానికి ఓ వెడల్పాటి బకెట్టు. మా డ్రైవ్‌వేనీ, పక్కింటి రిటైరైన టీచరమ్మగారి డ్రైవ్‌వేనీ చలికాలమంతా ఆయనే శుభ్రం చేసేవాడు.

"తొమ్మిదింటికి రాచెస్టర్ నుంచి అంకుల్ ఫోన్ చేస్తాడు, అందరూ బయల్దేరాలా వద్దా అని. వద్దని చెప్పేస్తా. ఆ ట్రాక్టర్ తోలేవాళ్లెవరు ఇప్పుడు?" అంది పిన్ని.

"నేను," అన్నాను.

పిన్ని నాకేసి తిరిగింది. "నువ్వా? కొట్లో ఉప్పు ఎక్కడుందో అడగమంటే అరగంట వెతుక్కుంటావు గానీ అడగవు. ట్రాక్టర్ తోలుతావా?"

"ట్రాక్టర్‌ని ఏమీ అడగక్కర్లేదుగా, పిన్నీ," అన్నాడు బాబాయి సోఫాలోంచి, నా తరఫున, నా గొంతు పెట్టి. "పోనీవే. శరదృతువంతా కట్టెలు దాంతోనే మోసింది. నాకంటే స్మూత్‌గా గేర్ వేస్తది."

అది నిజమే. ఏ లివరు ఎటు లాగితే బకెట్టు ఏం చేస్తుందో బొమ్మలతో సహా డైరీలో రాసుకున్నాను. కానీ మంచు తీయడం ఎప్పుడూ చేయలేదు.

బాబాయి కోటు తొడుక్కుని షెడ్డులోకి వెళ్లాను. తాళం ఎడమవైపు తిప్పి పట్టుకుని ఇరవై లెక్కపెట్టాలి, డీజిల్ ఇంజను లోపల వేడెక్కడానికి. నేను ముప్పై లెక్కపెట్టాను. ఇంజను దగ్గింది, వణికింది, పట్టుకుంది. వెనక చక్రాలకి కట్టిన గొలుసులు గలగలమంటుండగా బయటికొచ్చాను. ఎదురుగా రెండువందల అడుగుల తెలుపు, దాని చివర రోడ్డు.

ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టాను. బకెట్టు దించి ముందుకి పోనిచ్చాను. మంచు ముద్దలుగా చుట్టుకుంటూ బకెట్టు నిండా పేరుకుంది. పైకెత్తి, పక్కకి తిరిగి, గడ్డి మీద కుమ్మరించాను. మెత్తగా ధబ్బుమంది. అబ్బ, ఆ చప్పుడు! నేను ఇంట్లో తలుపు కూడా చప్పుడు కాకుండా వేసే మనిషిని. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి, మళ్లీ ధబ్బు. ఎవరూ వినడం లేదు కదా అని ఇంజను మోతలో ఒక పాట కూడా ఎత్తుకున్నాను.

వెనక్కి తిరిగి చూసుకుంటే నేల మీద రెండంగుళాల మంచు మిగిలి ఉంది. నాకు నచ్చలేదు. ఇండియాలో మా అమ్మ వాకిలి ఊడ్వడం నేర్పినప్పుడు ఒకటే చెప్పేది. మట్టి మీద చీపురు గీతలు కనబడితేనే ఊడ్చినట్టు. గీతలు కనబడకపోతే చీపురు మళ్లీ చేతికిచ్చేది. అందుకని బకెట్టు అంచుని కిందికి వంచి, గట్టిగా అదిమాను. ట్రాక్టరు ముందు చక్రాలు కాస్త గాల్లోకి లేచాయి. స్టీరింగ్ తిప్పినా ఎటూ తిరగదు, తిన్నగా పోతుంది. పోనీ, నాకు కావలసింది తిన్నగానే. కరకరమని శబ్దం. వెనక నల్లగా, శుభ్రంగా, గీతలు గీతలుగా నేల తేలింది. అమ్మ చూస్తే మెచ్చుకునేది.

కిటికీలో బాబాయి లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. నడుం నొప్పితో కూడా ఇంత సంబరపడుతున్నాడే అని నేనూ చెయ్యి ఊపాను. ఆయన తువ్వాలు తీసి ఊపాడు. నేను ఇంకా గట్టిగా ఊపి, ఇంకా గట్టిగా అదిమాను. 

సగం దూరం వచ్చేసరికి ఎదురుగా మంచులో ఎర్ర టోపీ పెట్టుకుని పక్కింటి టీచరమ్మగారు నిలబడి, బస్సు ఆపినట్టు చెయ్యి చాపారు. ఇంజను తగ్గించాను.

"బాగా చేస్తున్నావు. కానీ రాళ్లు కూడా ఎందుకు పారబోస్తున్నావు?" అన్నారు ఇంగ్లీషులో.

పక్కనున్న మంచు కుప్పలు అప్పుడు చూశాను. తెల్లటి కుప్పలనిండా బూడిదరంగు కంకర. మా డ్రైవ్‌వే కంకర డ్రైవ్‌వే. అది ఆ ఏటి మొదటి మంచు, కింద నేల ఇంకా గడ్డకట్టలేదు. మంచుతోబాటు బాబాయి డబ్బుపోసి పరిపించుకున్న కంకరంతా నేను గీకి గడ్డిలో పోశాను. కిటికీకేసి చూశాను. బాబాయి తువ్వాలు ముఖం మీద కప్పుకుని ఉన్నాడు.

టీచరమ్మగారు గ్లవ్ తీసి రెండు వేళ్ల మధ్య ఎడం చూపించారు. "ఇంత మంచు వదిలెయ్. దాని మీద కార్లు వస్తాయి. నేల నీకు వసంతంలో కనబడుతుందిలే."

నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. ఆవిడా నవ్వారు. బకెట్టు రెండంగుళాలు ఎత్తి, మిగతా సగం మొదలుపెట్టాను. అదిమే పని లేకపోయేసరికి ఎంత తేలిగ్గా సాగిందో!

చివర రోడ్డు దగ్గరికి వచ్చేసరికి గోడ అడ్డొచ్చింది. మునిసిపాలిటీ లారీ రోడ్డు మీది మంచంతా మా డ్రైవ్‌వే నోటికి అడ్డంగా నెట్టింది. నా నడుమెత్తు, రాయిలా బిగుసుకుంది. మొదటిసారి కుమ్మితే ట్రాక్టరు ఆగిపోయింది. అప్పుడే గుమ్మంలో పిన్ని, భుజాన శాలువా, చేతిలో వైరు ఎంత వస్తే అంతదాకా లాగిన ఫోను.

"రాచెస్టర్ అంకులే! ఏం చెప్పనూ?" అని అరిచింది. 

నేను వద్దని తలూపితే చాలు. వాక్యం చదవక్కర్లేదు. గురువారం నేను అడిగింది సరిగ్గా ఇదే. పిన్ని గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి, జవాబు కోసం మెడ చాపి చూస్తోంది.

"రమ్మను!" అని అరిచాను. రెండువందల అడుగులు, ఇంజను మోత, వీటన్నిటినీ దాటి వెళ్లింది. నా గొంతు అంత ఉంటుందని నాకే తెలియదు. 

"విన్నార్లే! ఫోన్లో ఆయనకి కూడా వినబడిందంట!" అంది పిన్ని.

ఇక ఆ గోడ పోకపోతే కుదరదు. ఒకేసారి కాకుండా పైనుంచి పలచగా, పెరుగు మీద మీగడ తీసినట్టు, పొరలు పొరలుగా తీశాను. గంట పట్టింది. తర్వాత టీచరమ్మగారి డ్రైవ్‌వే ఇరవై నిమిషాల్లో పూర్తిచేశాను. ఒక్క రాయి కదల్లేదు.

పదకొండున్నరకి నాలుగు కార్లు వరసగా లోపలికి తిరిగాయి. నేను రెండంగుళాలు వదిలిన భాగం మీద చక్కగా వచ్చాయి. మా అమ్మ పద్ధతిలో శుభ్రం చేసిన భాగం మీదికి రాగానే మొదటి కారు చక్రాలు బురదలో గిర్రున తిరిగి కూరుకుపోయాయి.

రాచెస్టర్ అంకుల్ సూటూ బూటూతో దిగాడు. "ఎవరమ్మా ఇక్కడ నారుమడి దున్నింది?"

"మా అమ్మాయేనండీ!" కిటికీ కాస్త తెరిచి బాబాయి అరిచాడు. ఆయన గొంతులో అంత గర్వం ఎందుకో తెలియలేదు.

"మీరు దిగారుగా, ఇప్పుడు కారు దానంతటదే తేలుద్దిలెండి," అంది కార్లోంచి ఆయన భార్య. అందరూ ఘొల్లుమన్నారు. నేను గొలుసు తగిలించి ట్రాక్టరుతో కారుని లాగాను. మిగతావాళ్లు బయటే ఆపి, పిల్లల్నీ గిన్నెల్నీ చంకనేసుకుని నడిచొచ్చారు.

వాక్యం చదవడానికి లేచినప్పుడు నా జడకి మంచు, మోకాళ్లకి బురద. గొంతు బొంగురుపోయింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి, కానీ రెండున్నర గంటలు ట్రాక్టరు మీద కూర్చున్నవాళ్లకి చేతులు వణుకుతాయని అందరికీ తెలుసు. నా కంకర చూసి అప్పటికే తనివితీరా నవ్వేశారు కాబట్టి, ఇంక దాచుకోవడానికేం లేదనిపించింది. చివరిదాకా చదివాను. తర్వాత వాళ్లు పాడారు. పిన్ని పాడలేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని, పులావు గరిటె చేతిలో పట్టుకుని, వింటూ నిలబడింది.

అందరూ వెళ్లాక డబ్బా తెరిచి బోర్లించింది. ముక్కల పొడి రాలింది.

"చూశావా, మనకి ఒక్కటీ మిగల్చలేదు," అంది, మొహం వెలిగిపోతూ.

ఏప్రిల్‌లో మంచు కరిగాక మా గడ్డినిండా కంకర తేలింది. అంత కంకర ముగ్గురం ఏరలేమని బాబాయి ఫోన్లు చేస్తే, ఆ నాలుగు కుటుంబాలూ బకెట్లూ, గడ్డి దంతెలూ పట్టుకుని వచ్చాయి. పిన్ని మళ్లీ గులాబి పువ్వుల అచ్చు తీసింది.