దిండు కింద దొరికిన తప్పుల చిట్టా

ఈ రోజు మధ్యాహ్నం దుప్పట్లు మారుస్తుంటే మా అమ్మాయి షారోన్ దిండు కింద చిన్న నోటుపుస్తకం దొరికింది. అచ్చం నా సరుకుల పుస్తకంలాగే గీతలు కొట్టి, తేదీలు వేసి ఉంది. "తమ్ముణ్ణి గిల్లాను. ప్రార్థనలో కళ్లు తెరిచాను. అమ్మ మీద కోపం వచ్చింది. మళ్లీ వచ్చింది."

మా మోర్మన్ సంఘంలో పిల్లలకు ఎనిమిదేళ్లు నిండాక నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. అంతవరకూ చేసినవి పాపం కిందికి రావు. షారోన్‌కు మార్చిలో ఎనిమిది నిండాయి, అదే వారం లాక్‌డౌన్ వచ్చి మందిరం మూసేశారు. చిట్టా ఆ పుట్టినరోజు నుంచే మొదలైంది.

పిలిచి అడిగాను. "ఎందుకే ఇవన్నీ రాశావు?"

"రాసుకోకపోతే మర్చిపోతాం అంటావుగా. నీళ్లలో మునిగినప్పుడు ఒక్కటి మిగిలిపోతే?"

నవ్వబోయి మానుకున్నాను. ఇన్ని నెలలూ ఈ భయం తల కింద పెట్టుకుని పడుకుంది పిల్ల. దగ్గరకు తీసుకుని, దేవుడు ఒక్కొక్కటికీ టిక్కు పెడుతూ కూర్చోడని, అన్నీ ఒకేసారి కడిగేస్తాడని చెప్పాను.

"పొద్దున మందిరం నుంచి నాన్నకు ఫోన్ వచ్చింది. ఈ శనివారం నీ బాప్తిస్మానికి టెర్మిన్, అదే, సమయం దొరికింది. ఇక ఆ పుస్తకం ఇచ్చెయ్యి."

ఇవ్వబోయి ఆగింది. "శనివారం దాకా ఉంచుకోనా అమ్మా? ఇంకా నాలుగు రోజులున్నాయి. తమ్ముడికి కీటా బడి కూడా లేదు, రోజంతా నాతోనే ఉంటాడు."

ఉంచుకోమన్నాను. మీ పిల్లలకు మీ అలవాట్లలో ఏది అంటుకుందో, ఓసారి దిండ్లు ఎత్తి చూసి చెప్పండి.