గొర్రెలకు చెప్పిన పాఠాలు

పోయిన నెల మా మామ కాలం చేశారు. రోజూ పొద్దున్నే మంద తోలుకుపోయే మనిషి ఆ రోజు మంచం మీంచి లేవలేదు. నేను ఫోనుతో నాలుగు మంచి ఫొటోలు తీయగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

కేతేపల్లి దగ్గర మా ఊళ్లో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. నేను మరీ సిగ్గరిని. పొట్టేళ్ల ఫొటోలు వాట్సాప్‌లో పెడితే బేరగాళ్లు ఇంటికే వస్తున్నారని, నార్కట్‌పల్లి నుంచి లారీ నడిపే మా ఆయన నాకు ఆ పని అప్పజెప్పాడు. నేను మొదట తీసిన పొట్టేలు బొగ్గుముద్దలా వచ్చింది. మామ దొడ్డి అవతల నిలబడి, నాతో కాదు, పొట్టేలుతో అన్నారు.

"ఓరి నల్లోడా, సూర్యునికి వీపు పెట్టి నిలవడ్తే నీ మొకం ఎట్ల కానొస్తదిరా? గిటు తిరుగు."

కొమ్ములు పట్టి తిప్పారు. ఎండ నా వెనక నుంచి వచ్చి దాని ముఖం మీద పడింది. కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపించాయి.

తరువాతి పాఠాలన్నీ అట్లాగే సాగాయి. నేను దూరం నుంచే బొమ్మను వేళ్లతో పెద్దది చేసి తీస్తుంటే, "బిడ్డ దగ్గరికొస్తలేదు. నువ్వేమన్న కొరుకుతవానే?" అని గొర్రెను అడిగేవారు. నేను ముందుకు నడిచేదాన్ని. ఫొటో మసకగా రావడం తగ్గింది. "కూసున్నోళ్లకే నీ ఎత్తు తెలుస్తదే" అన్నారొకసారి. అప్పటినుంచి కూర్చునే తీస్తున్నాను. చిన్నపిల్లలను తీసేటప్పుడూ అంతే, మీరూ చేసి చూడండి. ఇంకోసారి ఒక గొర్రె కన్ను తుడుస్తూ, "పుసులు పెట్టుకొని సూస్తే ఏం కానొస్తదే?" అన్నారు. రొట్టెల పిండి అంటిన ఫోను అద్దాన్ని నేను గబగబా కొంగుతో తుడిచాను.

ఒక పొట్టేలు కుంటుతుంటే, ఆ కాలు గడ్డి చాటుకు వచ్చేటట్టు తీయమన్నాడు మా ఆయన. మామ వచ్చి గడ్డిని పక్కకు నెట్టారు. "కొనెటోడు ఇంటికొచ్చి సూడడారా? కాలు దాసిపెట్టుడెందుకు?" అన్నారు. ఆ మాట పొట్టేలుకా, కొడుక్కా అన్నది మేం అడగలేదు.

దశదినం అయ్యాక మా ఆయన అన్నాడు, "నేను లారీ మీద పోతుంట. మంద ఎవరు మేపాలె? అన్నిటి ఫొటోలు తియ్యి, అమ్మేద్దాం."

నాకు అమ్మడం ఇష్టం లేదు. ఫొటోలు చెడగొడితే బేరగాళ్లు రారని తెలుసు. ఎండకు ఎదురు నిలబడి తీస్తే చాలు. మనసొప్పలేదు. పొద్దున్నే వెలుగు మెత్తగా ఉన్నప్పుడు కూర్చుని, ఒక్కొక్కటి తల ఎత్తేదాకా ఆగి తీశాను.

సాయంత్రం మా ఆయన వాటిని చూశాడు. "మంచిగొచ్చినయ్. రేపటికే బేరమైతది."

"అమ్మొద్దు" అన్నాను. "నేను మేపుత."

"నువ్వా? ఆటో ఆయనతోని మాట్లాడనీకె సిగ్గువడ్తవు. మంద ఎనుక పోతవా?"

"గొర్రెల ముంగట సిగ్గేంది?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఫోను నా చేతికిచ్చి, తడిక తీసి దొడ్డిలోకి వెళ్లాడు. గొర్రెల మధ్య గొంతుకూర్చుని, "రేపు లారీకి పోను. మేపే జాగాలు జూపిస్త" అన్నాడు.

గొర్రెలు ఒక్కొక్కటే వచ్చి ఆయన ఖాకీ చొక్కా వాసన చూశాయి. ముసలి గొర్రె ఒకటి ఆయన భుజం మీద గదువ ఆనించి, నెమరేస్తూ అట్లాగే నిలబడింది.