గాలి నిండాలె

మా సడ్డకుడు దేవసహాయం, అంటే నా భార్య అక్కను చేసుకున్నవాడు, జీవితంలో ఏ చోటికీ సమయానికి చేరలేదు. చేరనందుకు ఎన్నడూ రెండో కారణం కూడా చెప్పలేదు. చర్చికి ఆలస్యమైనా, చావుకు ఆలస్యమైనా, సొంత కూతురి నిశ్చితార్థానికి ఆలస్యమైనా, లారీ దిగి తువ్వాలతో మెడ తుడుచుకుని ఒకటే మాట అంటాడు.

"గాలి నిండాలె గద."

ఆ గాలి లారీది. పాతబడిందని మిలిటరీ వాళ్లు వేలం వేస్తే ఎవరూ పాడని బండిని ఈయన పాడుకుని మంథని తెచ్చుకున్నాడు. దాని బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఇంజను తిరుగుతుంటే గాలి ఒక ట్యాంకులోకి చేరుతుంది. ట్యాంకులో గాలి ఉంటేనే బ్రేకు పడుతుంది. దేవసహాయం ట్యాంకుకు చిల్లు. ఇంజను ఎక్కించినదంతా చిల్లు దించేస్తుంది. మీటరులో ముల్లు ఎర్రగీత కిందికి రాగానే బజరు మోగుతుంది. ఇక బ్రేకు పడదన్న హెచ్చరిక అది, లారీని ఎక్కడుంటే అక్కడే ఆపేయాలి. దేవసహాయం దిగి నీడ వెతుక్కుంటాడు.

ఆ చిల్లు తుపాకీ గుండు తగిలి పడిందని ఆయన వాదన. ఏ యుద్ధంలో తగిలిందన్నది వినేవాళ్ల వయసును బట్టి మారుతుంది. ముసలివాళ్లకు బంగ్లాదేశ్ యుద్ధం, కుర్రవాళ్లకు కార్గిల్. ఒకసారి సండే స్కూలు పిల్లలకు చెబుతూ ఆ ఊపులో బైబిలు కాలపు ఫిలిష్తీయుల దాకా వెళ్లాడు.

అది గుండు కాదు, తుప్పు. ఈ మాట నేను అధికారికంగా చెప్పగలను. బస్సు డిపోలో బ్రేకుల పని చేసి రిటైరైనవాణ్ని. గాలితో పాటు ట్యాంకులో కాస్త తడి చేరుతుంది. అడుగున చిన్న నల్లా ఉంటుంది. రోజూ పొద్దున దాన్ని తిప్పి ఆ నీళ్లు వదిలేయాలి. వదలకపోతే ట్యాంకు లోపలి నుంచి తింటుంది. ఈ సంగతి దేవసహాయానికి ఎన్నిసార్లు చెప్పానో. "నల్లల నీళ్లస్తే మీ వదినెకు చెప్పు తమ్మీ, బిందె వెడ్తది" అనేవాడు.

ఎక్కడైనా గాలి కారుతుంటే నాకు అన్నం సయించదు. వంటింట్లో కుక్కరు విజిల్ వేస్తే రబ్బరు చూసి వస్తాను. అలాంటి నాకు ఈ సడ్డకుడు దొరికాడు. ఆదివారం పాస్టరు గారు "సమాధానము మీకు కలుగును గాక" అని చేతులెత్తే సమయానికి గేటు బయట స్‌స్‌స్ అని పెద్ద నిట్టూర్పు వినిపించేది. దేవసహాయం వచ్చాడని సంఘమంతటికీ తెలిసేది. చివరికి పాస్టరు గారు ఒక ఆదివారం ప్రార్థనలో రోగుల పేర్లన్నీ చదివి, వాటి తరువాత ఎయిర్ ట్యాంకును కూడా జ్ఞాపకం చేసుకున్నారు. ట్యాంకు తప్ప మిగతా రోగులందరూ కోలుకున్నారు.

ఆయన కూతురి పెళ్లి నస్పూరులో. పెళ్లివారమంతా ఆ లారీలోనే బయలుదేరాం. గోదావరి వంతెనకు కొంచెం ఇవతల బజరు మోగింది. ఎండలో పట్టుచీరలతో ఆడవాళ్లు, ఊదా రంగు సూటులో నేను. దేవసహాయం మాత్రం తీరిగ్గా రోడ్డు పక్క నిలబడి, బస్సు తప్పిపోయిన ఒక ముసలి జంటతో మాట్లాడుతున్నాడు. గాలి నిండేసరికి ఆ ఇద్దరూ లారీలో ఉన్నారు. పెళ్లిలో భోజనం చేశారు. ఫొటోల్లో వధువు పక్కన వాళ్లే ఉంటారు. అబ్బాయి తరఫు వాళ్లు మా బంధువులనుకున్నారు, మేం వాళ్ల బంధువులనుకున్నాం. వాళ్లెవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నేనేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చిల్లుకు రబ్బరు పట్టీ బిగించాను. అతుకు మందు కలిపి పట్టించాను. వెల్డింగు చేయించాను. ప్రతిసారీ సబ్బు నురగ పూసి, బుడగ లేవడం లేదని నిర్ధారించుకునేవాణ్ని. ప్రతిసారీ మూడో రోజుకు లారీ మళ్లీ రోడ్డు మధ్యలో నిట్టూర్చేది. నా చేతి పని డిపోలో ఎన్నడూ వెనక్కి రాలేదు. ఈ లారీకి పోయిన నా పరువును ట్యాంకులో నింపితే బ్రేకులు ఏడాది పనిచేసేవి.

మొన్నటి యాసంగి వరికోతల్లో సంగతి ముదిరింది. లారీ వడ్ల కొనుగోలు సెంటరుకు కిరాయికి కుదిరింది. బస్తాలు కాంటాలో తూకం అయ్యాక మిల్లుకు చేర్చడం పని. వాన మొగులు రోజూ సాయంత్రం బెదిరిస్తోంది. సెంటరు ఆవరణ నిండిపోయి, తూకమైనా చిన్న రైతుల బస్తాలు రోడ్డు పక్కనే పడ్డాయి. వచ్చిన ప్రతి లారీ ఆవరణలోనే నిండిపోయి వెళ్లిపోయేది. అందరికన్నా దూరాన, కాలువ కల్వర్టు దగ్గర, బుచ్చవ్వ బస్తాలున్నాయి.

బుచ్చవ్వ కౌలుకు చేసే చిన్న మడి పంట అది. భర్త లచ్చయ్య కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ఆ బస్తాలు తడిసి మొలకెత్తితే మిల్లువాళ్లు తీసుకోరు, ఆ ఇంట్లో ఇక చెప్పుకోవడానికి వేరే ఏమీ లేదు. వాటి మీద పాత చీరలూ యూరియా సంచులూ కలిపి కుట్టిన కప్పు ఒకటి. ఎవరైనా టార్పాలిన్ ఇస్తామన్నా తీసుకునేది కాదు. ముందుగా ఎక్కించమని హమాలీలను బతిమాలుకొమ్మంటే, "నా వరుస అచ్చినప్పుడే పోతయి" అనేది. ఆ వరుస ఎన్నడు వస్తుందో సెంటరుకే తెలియదు.

ఇంకోసారి బండి దారిలో ఆగితే వేరే లారీ పెట్టుకుంటామని సెంటరు వాళ్లు కబురు పెట్టారు. మా వదినె పద్మలత నన్ను పిలిపించింది.

"నీ చేతుల ఇంత విద్య వెట్టుకొని నా సంసారం రోడ్డు మీద ఆగుడేంది తిమోతీ?"

ఆ మర్నాడు దేవసహాయం నస్పూరులో కూతుర్ని చూడడానికి వెళ్లాడు. బస్సులో వెళ్లాడు కనుక సమయానికి చేరాడట. ఎప్పటి అలవాటు ప్రకారం వాళ్లు ఆలస్యంగా వస్తాడనుకుని ఇంటికి తాళం వేసి పోతే, అరుగు మీద కూర్చున్నాడట. ఆలోగా నేను కరీంనగర్ స్క్రాపు దుకాణం నుంచి గట్టి ట్యాంకు తెచ్చి బిగించాను. పాతదాన్ని స్క్రాపుకు వేసేశాను. నురగ పూశాను. ఒక్క బుడగ లేవలేదు. పొద్దున వచ్చి చూస్తే ముల్లు నిన్న ఉన్నచోటే ఉంది. నా ఉద్యోగ జీవితంలో ఇంత అందమైన ముల్లును చూడలేదు.

దేవసహాయం వచ్చి సీట్లో కూర్చుని మీటరు అద్దాన్ని వేలితో కొట్టాడు.

"ముల్లు ఇరికింది" అన్నాడు.

"ఇరకలేదన్నా. ట్యాంకు మార్చిన."

"పాతది యాడుంది?"

"స్క్రాపు కేసిన."

ఆయన స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాడు. ఎవరైనా చనిపోయిన వార్త చెప్పినా ఇంతకన్నా ధైర్యంగా విన్నవాడే. "ఒక్క మాట అడిగి చేస్తే పాయె గద తమ్మీ" అన్నాడు. నేను థాంక్స్ కోసం ఎదురు చూస్తూ ఉన్నాను.

ఆ సాయంత్రం నా పనితనం చూసుకుందామని నేనూ లారీ ఎక్కాను. కేబిన్‌లో ఒక పక్క దేవసహాయం, మధ్యన నేను, కిటికీ దగ్గర పెద్ద రైతు పరశురాములు పటేల్. ఆయన బస్తాలు ఒక ట్రిప్పు మిల్లుకు చేరాయి, రెండో ట్రిప్పు ఆవరణలో కొత్త టార్పాలిన్ల కింద భద్రంగా ఉంది. అయినా లారీ ఇంకొకరి పాలు కాకుండా కాపలాగా వెంట తిరుగుతున్నాడు. మిల్లులో దింపి సెంటరుకు తిరిగి వస్తున్నాం; వెనకాల ఖాళీ తొట్టిలో హనుమండ్లు మేస్త్రీ, అతని హమాలీలు. గోదావరి మీద మొగులు కాటుక పెట్టినట్టు ఉంది.

పటేల్ నన్ను తెగ మెచ్చుకున్నాడు. లారీ ఈసారి ఆగదన్న ధైర్యం నా వల్లే వచ్చిందన్నాడు. తన ట్రాక్టరూ ట్రాలీలూ ఇక నా చేతిలోనే పెడతానన్నాడు. నేను వినయంగా కనిపించడానికి చేయవలసిన ప్రయత్నాలన్నీ చేశాను.

అప్పుడు లారీ తల ఊపడం మొదలుపెట్టింది. సాఫీగా పోతున్నది పోతున్నట్టే దేవసహాయం బ్రేకు తొక్కాడు, వదిలాడు, మళ్లీ తొక్కాడు. ముందు మేక లేదు, మనిషి లేడు. ఏమిటని అడిగితే "కుక్క" అన్నాడు. మళ్లీ తొక్కాడు. "కోతి" అన్నాడు. మూడోసారి జంతువు పేరు తట్టక ఊరుకున్నాడు. ఆయన కాలు కుట్టుమిషను మీద దర్జీ కాలులా ఆడుతోంది.

బ్రేకు తొక్కినప్పుడల్లా కొంత గాలి ఖర్చవుతుంది. ఈ సంగతి పటేల్‌కు తెలియదు, నాకు తెలుసు. నేను ముల్లు వైపు చూశాను. నా అందమైన ముల్లు మెట్టు మెట్టుగా దిగుతోంది. తల ఎత్తి రోడ్డు చూశాను. దూరంగా కల్వర్టు. గాలికి లేస్తున్న చీరల కప్పు మీద రాళ్లు చాలక బుచ్చవ్వ తనే కూర్చుని ఉంది.

నాకు పెళ్లి ఫొటోలో ముసలి జంట గుర్తొచ్చింది.

బజరు మోగింది. లారీ ఆగింది. వెనక తలుపు సరిగ్గా బస్తాల ఎదుటికి వచ్చింది. డిపోలో బస్సును కూడా ఎవరూ ప్లాట్‌ఫారానికి అంత కచ్చితంగా ఆనించలేదు.

"గాలి నిండాలె" అన్నాడు దేవసహాయం. ఎప్పటిలా అనలేదు. నా వైపు చూస్తూ, అడుగుతున్నట్టు అన్నాడు.

"ఏంది తిమోతీ, కొత్త ట్యాంకంటివి?" అన్నాడు పటేల్.

ముల్లు అప్పుడే లేస్తోంది. లీకు లేని ట్యాంకు మరి. రెండు నిమిషాల్లో ఎర్రగీత దాటుతుంది, లారీ కదులుతుంది, నా పేరు నిలబడుతుంది. నేను మంచి పనివాణ్నన్నది ఆ ఒక్క క్షణం నాకు అడ్డుపడింది.

"చూస్త పటేలా" అని దిగి లారీ కిందికి దూరాను. పడుకుని నల్లా తిప్పాను. స్‌స్‌స్.

"ఏమైంది?" పైనుంచి పటేల్.

"నా పనే పాడైంది. యాడనో కారుతుంది."

వృత్తిలో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. నల్లా నా వేళ్లలోనే ఉంది, తుప్పు నీళ్లు చొక్కా చేతిలోంచి చంకలోకి దిగుతున్నాయి. పైన హనుమండ్లు గొంతు వినిపించింది. "ఉత్తగ కూసునుడెందుకు పటేలా, గాలి నిండేదాంక గీ అవ్వయి ఎక్కిస్తం." పటేల్ గొణిగాడు కానీ ఆగిన లారీతో ఎవరు కొట్లాడతారు? కొట్లాడింది బుచ్చవ్వే.

"నా వరుస రాలె. నేనెక్కియ్య."

"వరుస నీది గాదవ్వా, లారీది" అన్నాడు హనుమండ్లు. "అది ఈడ ఆగింది. దాన్ని అడుగు."

బుచ్చవ్వ లారీని అడిగిందో లేదో కాని, కప్పు మీదినుంచి లేచింది. బస్తాలు దబదబా పడుతున్నాయి. నా తల పక్కన దేవసహాయం చెప్పులు కనిపించాయి. ఆయన వంగి, రోగిని పలకరించినట్టు మెల్లగా అన్నాడు: "ఇంక జర, తమ్మీ."

చివరి బస్తా పడ్డాక హనుమండ్లు లారీ పక్కన రెండుసార్లు చరిచాడు. అది నాకోసమే అని అర్థమైంది. ఈ నాటకంలో అందరికన్నా ఆలస్యంగా వేషం కట్టినవాణ్ని నేను. నల్లా మూశాను.

మిగిలిన చోటులో పటేల్ బస్తాలు పట్టినన్ని పట్టాయి. మిల్లు షెడ్డులోకి లారీ దూరాక వాన పడింది. తిరిగి వచ్చేటప్పుడు, నేరుగా చెప్పి ఆపితే ఏం పోయిందని అడిగాను.

"నేనాపితే పక్షపాతమంటరు. మా సంఘపోళ్లకే ఆపుతనంటరు. బుచ్చవ్వేమో ఎక్కియ్యనే ఎక్కియ్యది. లారీ ఆగితే ఎవ్వలేమంటరు?" అని, సీటు కిందినుంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి నా ఒళ్లో పెట్టాడు. మూత తీశాను. నా రబ్బరు పట్టీలు. నేను అతికించిన మందు పెచ్చులు. వెల్డింగు బిళ్ల కూడా.

"నీ పని మంచిదే తమ్మీ" అన్నాడు. "పీకుడే తక్లీబైతుండె."

ఇప్పుడు ఆ నల్లాకు ఒక సన్నని తీగ కట్టి డ్రైవరు సీటు కిందికి తెచ్చాను. లాగితే కారుతుంది, వదిలితే ఆగుతుంది. నా జీవితంలో చేసిన పనుల్లో చెప్పుకోలేనిది అదొక్కటే. లారీ ఎక్కడ పడితే అక్కడ ఆగదు కనుక సెంటరు వాళ్లు ఊరుకున్నారు. పటేల్ తన ట్రాక్టరును పెద్దపల్లి మెకానిక్కు ఇచ్చుకున్నాడు. వదినె నాతో సగమే మాట్లాడుతోంది. ఆదివారం పాస్టరు గారు రోగుల పేర్లు చదివి ఎయిర్ ట్యాంకును మళ్లీ జ్ఞాపకం చేసుకున్నారు. ఈసారి దాని తరువాత నా పేరు చదివారు.

మొన్న కల్వర్టు దగ్గర లారీ మళ్లీ ఆగింది. ఎవరి కోసమో చూద్దామని దిగితే, లచ్చయ్యను కట్టు విప్పించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లాలని బుచ్చవ్వ బస్సు కోసం నిలబడి ఉంది. ఆయన్ను ఎక్కించి తనూ ఎక్కింది. నన్ను చూసి జాలిపడింది.

"నీకు పని రాకపోయినా ఫికర్ జెయ్యకు బిడ్డా. గీ లారీకి బుద్ధున్నది, అదే చూసుకుంటది."

"అదే నేను గూడ చెప్తున్ననవ్వా" అన్నాడు దేవసహాయం, కాలితో తీగను మెల్లగా వదులుతూ. "వింటలేడు."