రాంగిపో ఎడారిలో గౌను వేసుకుని ఒక కొండ కోసం

నా డిగ్రీ పట్టా పోస్టులో వచ్చింది. గ్రాడ్యుయేషన్ రోజే ఒక ఇంటర్వ్యూ పడడంతో వేడుకకు వెళ్ళలేకపోయాను. ఆ ఉద్యోగం రాలేదు, ఆ తరవాత ఇంకేదీ రాలేదు. ఈ నెలాఖరుకు వీసా అయిపోతుంది, గురువారం ఇంటికి నా ఫ్లైట్. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదట. కామారెడ్డి దగ్గర బీడీలు చుట్టే మా అమ్మకు చదవడం రాదు కాబట్టి, ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ నేను ఆమెకు రాసిన ఉత్తరాలన్నీ ఫొటోలే. ఆక్లాండ్ నుంచి బస్సులో వస్తూ కిటికీలోంచి తీసిన రువాపెహు మంచుకొండ ఇప్పటికీ ఆమె ఫోను తెర మీద ఉంది. పట్టా పుచ్చుకునేటప్పుడు వేసుకునే నల్ల గౌనులో నేను, వెనకాల ఆ కొండ, అలాంటి ఫొటో ఒకటి కావాలని అడిగింది. అందుకే ఆ కొండ ఉన్న టోంగారిరో నేషనల్ పార్కు తూర్పు అంచుకు బయలుదేరాను.

మేముండే లోవర్ హట్ నుంచి, ఫ్లైట్‌కు ముందు నాకు మిగిలిన ఒక్క ఖాళీ రోజున, తెల్లవారుజామున ఐదింటికి మా ఫ్లాట్‌మేట్ సుమ కారులో బయలుదేరాం. రానూపోనూ పెట్రోలుకు నూట ఇరవై డాలర్ల దాకా అయింది. గౌనూ టోపీ కూడా సుమవే. దారంతా వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "పెండ్లికి పట్టుచీర పట్టుకపోతున్నట్టే ఉన్నవ్, వెనక సీట్ల పెట్టరాదే" అంది సుమ. నేను వినలేదు.

మధ్యలో ఒకసారి ఆగి, వైయూరు చేరేసరికి తొమ్మిది దాటింది. ఇక్కడే పెట్రోలు నింపుకోండి, ముందు టూరంగీ దాకా బంకు లేదు. అక్కడి కేఫ్‌లో వంట చేసే పెద్దావిడ మావోరీ, ఈ దేశపు ఆదివాసి. గౌను చూసి ఎక్కడికని అడిగింది. చెప్పి, నా ఫోనులో వాతావరణం యాప్ ఇచ్చిన ఎండ బొమ్మ కూడా చూపించాను. అది టౌపో ఊరి వాతావరణమనీ, కొండది వేరే చూడాలనీ చెప్పింది. నేను చూసింది దాదాపు గంట ప్రయాణం దూరంలో ఉన్న సరస్సు ఒడ్డు మీది ఎండ.

మాకోసం పైలు, అంటే మాంసం కూరిన రొట్టెలు, వేడి చేస్తూ ఆమె వాళ్ళ నాయనమ్మ చెప్పిన మాట చెప్పింది. పూర్వం వాళ్ళవాళ్ళు ఈ ఎడారి దాటేటప్పుడు కొండ వంక చూడకుండా కళ్ళకు ఆకులు అడ్డం పెట్టుకునేవారట. అంత పవిత్రం ఆ కొండ. "నువ్వేమో డియర్, దాని ముందు నిలబడి ఫొటో దిగుతానంటున్నావు" అని నవ్వింది. నవ్వులో కోపం లేదు. కొండ నెత్తి మీదికి ఎక్కనని మాత్రం నాతో మాట తీసుకుంది.

రాంగిపో ఎడారి అంటే ఇసుక కాదు. బూడిదరంగు అగ్నిపర్వతపు కంకర, గోధుమరంగు గడ్డి దుబ్బులు, కరెంటు టవర్లు. రోడ్డుకు తూర్పున కంచె, దాని మీద ఆర్మీ బోర్డులు. పేలని గుండ్లు ఉండొచ్చు, లోపలికి రావద్దని. అరగంట డ్రైవ్ తరవాత పడమటి పక్కన వైహోహోను ట్రాక్ అనే కాలిబాట మొదలయ్యే పార్కింగ్ వచ్చింది. అడ్డం లేకపోతే రువాపెహు అక్కడ నెత్తి మీదికి వచ్చినట్టు కనిపించాలి. తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు.

గౌను వేసుకుని నిలబడ్డాను. సుమ ఫోను ఎత్తిందో లేదో, గాలి టోపీని లాక్కుని రోడ్డు దాటించి కంచె అవతల పడేసింది. ఇద్దరం రోడ్డు దాటి, ఆర్మీ బోర్డు ముందు ఆగి, కంచెలోంచి టోపీని చూశాం. "పో, నా టోపీ ఆర్మీల జాయినయింది. మనిద్దరి కంటె దానికే ముందుగాల్ల నౌకరి దొరికింది" అంది. నవ్వబోయాను, ఏడుపొచ్చింది.

ట్రాక్ మీద కొంత దూరం నడిచి, చెట్లులేని చోట ఒక రాతి పక్కన మధ్యాహ్నం మూడు దాకా కూర్చున్నాం. మబ్బు ఒక్కోసారి పల్చబడేది, లేచి గౌను సర్దుకునేదాన్ని, మళ్ళీ చిక్కబడేది. చివరికి చినుకులు మొదలయ్యాయి. సుమ ఒక ఫొటో తీసింది. తడిసిన గౌను, చెదిరిన జుట్టు, వెనక తెలుపు. ఎవరింటి గోడ ముందైనా తీసి ఉండొచ్చు.

వైయూరులో సిగ్నల్ రాగానే అదే పంపాను. వెంటనే అమ్మ ఫోన్ చేసింది.

"కొండేది బిడ్డా? పొగ తప్ప ఏం కనబడతలే."

"మబ్బు పట్టిందమ్మా."

"గట్లనా. మంచిగున్నప్పుడు మళ్ళొకసారి పోయి దిగు. కొండ యాడికి పోతది?"

సరేనన్నాను. గురువారం వచ్చేస్తున్న టికెట్ సంగతి అప్పుడూ చెప్పలేకపోయాను. తిరుగు ప్రయాణంలో సుమ పాటలు పెట్టలేదు. కళ్ళకు ఆకులు పెట్టుకున్నవాళ్ళు కొండ అక్కడ ఉందని తెలిసే తల దించుకుని నడిచి ఉంటారు. నేను తల ఎత్తి రోజంతా వెతికినా ఏదీ దొరకలేదు. అమ్మ మాట నిజమే, కొండ ఎక్కడికీ పోదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఊరి వాతావరణం కాదు, పర్వతానికి విడిగా ఇచ్చే సూచన చూడండి. ఏమైనా సరే చేతిలో ఇంకో రోజు ఉంచుకుని వెళ్ళండి. నా దగ్గర ఆ రోజు లేదు.