పెదనాన్న వేయించిన విత్తనం

అబిడ్స్‌లో బండి మీద పల్లీలు వేగుతున్న వాసన వస్తే మీకు ఆకలేస్తుందేమో, నాకు మాత్రం మా పెదనాన్న గుర్తొస్తాడు. మన తరం వాళ్ల ప్రతి ఇంట్లోనూ అలాంటి పండితుడు ఒకడు ఉండేవాడు కదా! పంతొమ్మిది వందల నలభైల్లో ఆయన గుమాస్తా. ఊళ్లో ఉన్న సొంత చేనులో ఏనాడూ కాలు పెట్టలేదు, సేద్యం మీద పుస్తకాలు మాత్రం తెగ చదివేవాడు. తేమ ఉంటే విత్తనానికి పురుగు పడుతుందని ఎక్కడో చదివి, నాంపల్లి ఇంట్లో దాచిన విత్తనపు పల్లీలను పెద్దమ్మ చేత మూకుడులో వేయించాడు.

వానలు పడగానే కౌలుదారు సాయన్న విత్తనం కోసం వచ్చాడు. ఒక గింజ కొరికి చూశాడు.

“దొరా, గివి మొలుస్తయా? జర ఉప్పేస్తే తినెటందుకు మంచిగుంటయ్.”

“నాకే చెప్తవా? చదివినోణ్ణి నేనా, నువ్వా? గివే ఎయ్యి, లేకుంటే కౌలు ఇడిచిపెట్టు.”

“ఔ దొరా, మీ మాటే.”

నేను స్టేషన్ దాకా వెంట వెళ్లాను. అక్కడ పల్లీలు అమ్ముకునే ముసలమ్మకు సాయన్న ఆ మూట ఇచ్చేసి, ఆమె దగ్గరున్న పచ్చి పల్లీల మూట తీసుకున్నాడు. ఆమెకు వేయించే పని తప్పింది.

“మీ పెదనాయనకు చెప్పకు బిడ్డా” అన్నాడు. ఇన్నేళ్లూ చెప్పలేదు. ఆయన కొడుకులు ఇప్పుడు ఇది చదివి తెలుసుకోనీ.

పంట విరగపండింది. పెదనాన్న తన పద్ధతి గురించి ఆఫీసంతా ఉపన్యాసాలిచ్చాడు. మరుసటి ఏడు విత్తనపు ఆముదాలు కూడా వేయించాడు.